ఉగాదికి ముందు చెరువుగట్టు: తిరుగు ప్రయాణమగు వలస పక్షులను గుర్తించుట, లెక్కించుట

సంక్రాంతి వెళ్ళిన తరువాత రైతు దృష్టి అంతయు చెరువునీటి మీదనే ఉండును. దాళ్వా వరికి, యాసంగి పైరుకు ఇంకను ఎన్ని తడులు అందును, ఏ తూము ఎప్పుడు కట్టవలెను, చేపలు ఎప్పుడు పట్టవలెను అను మాటలే రచ్చబండ మీద వినవచ్చును. అదే చెరువును, అదే రోజులలో మరికొన్ని వేల కళ్ళు కనిపెట్టి ఉండును. అవి ఉత్తరదేశముల నుండి వచ్చి మన చెరువులలో చలికాలము గడపిన పక్షులవి. అవి ఉగాది నాటికి మూటాముల్లె సర్దుకొని తిరుగు ప్రయాణమునకు సిద్ధము కావలెను. వాటి మూట అనగా ఒంటిలో చేర్చుకొను కొవ్వే. ఆ కొవ్వును మన చెరువుల అంచులలోనే సంపాదించుకొనవలెను.

ఈ పక్షులను చూచుట కేవలము కాలక్షేపమని కొందరు తలంతురు. అది సరి కాదు. చెరువు బాగున్నదో లేదో, పొలమునకు మేలు చేయు పక్షి ఏదో, కీడు చేయు పక్షి ఏదో తెలిసికొనుటకు ఇంత చౌకైన సాధనము మరియొకటి లేదు. దీనికి కావలసినది ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు, సూర్యోదయమునకు ముందు నిద్రలేచు అలవాటు. ఆ అలవాటు రైతునకు ఎటులను ఉన్నదే.

అతిథి ఎవరు, ఇంటివారెవరు?

చెరువులోని పెద్ద పక్షులన్నిటిని "సైబీరియా పక్షులు" అని పిలుచుట మన గ్రామములలో వాడుక. శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురములోను, గుంటూరు సమీపమున ఉన్న ఉప్పలపాడులోను, తిరుపతి జిల్లాలోని నేలపట్టులోను చెట్లపై గూళ్ళు కట్టు గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను గూర్చి కూడ ఇట్లే చెప్పుకొందురు. ఈ మాట నిజము కాదు. ఈ రెండు జాతులును మన దేశమునకు, ఇరుగుపొరుగు దేశములకు చెందినవి. నీరు, చేపలు ఉన్న చోటికి ఋతువును బట్టి తరలిపోవుచుండును. సైబీరియాతో వాటికి ఏ సంబంధమును లేదు.

దీనిని గుర్తించుటకు ఒక సులభమైన సూత్రము కలదు. మన ఊరిలో గూడు కట్టి పిల్లలను లేపు పక్షి మన పక్షి. చలికాలమంతయు ఉండి, తిని, గూడు కట్టకయే వెళ్ళిపోవు పక్షి అతిథి. పుట్టినిల్లు ఒకచోట, చలికాలపు విడిది మరియొకచోట ఉండుటయే నిజమైన వలస.

అతిథులలో ముఖ్యమైనవి మూడు తెగలు.

1. బాతులు: తోక సూదివలె పొడుగుగా ఉండు సూదితోక బాతు, ముక్కు గరిటెవలె వెడల్పుగా ఉండు గరిటెముక్కు బాతు, కంటిపైన తెల్లని చార గల చిన్నబాతు ముఖ్యమైనవి. మన కవులు చక్రవాకమని, జక్కవ అని వర్ణించిన నారింజరంగు బాతు కూడ అతిథియే. అది లడఖ్, టిబెట్టు, మధ్య ఆసియా ప్రాంతములలో గూడు పెట్టును.

2. బురదలో తిరుగు ఉల్లంకి పిట్టలు: ఇవి పొడుగు కాళ్ళతో, పొడుగు ముక్కులతో బురదను కుట్టుచున్నట్లు పొడిచి పురుగులను తినును. చెరువు అంచున, కోసిన వరిమళ్ళలో గుంపులుగా కనబడును.

3. నేలపిట్టలు: తోకను పైకి క్రిందికి ఆడించు పసుపుపిట్ట, జొన్నచేల మీద మబ్బువలె దిగు గులాబి గోరింక ఈ తెగలోనివి. ఇవి పగలు పొలములలో మేసినను రాత్రివేళ చెరువులోని జమ్ము, తుంగ నడుమ పడుకొనుటకు వచ్చును.

వలస బాతులు, ఉల్లంకులు మన దేశమునకు వచ్చు ఆకాశమార్గమును మధ్య ఆసియా వలసమార్గమందురు. ఇది ఉత్తర ధ్రువ ప్రాంతము నుండి హిందూ మహాసముద్రము వరకు సుమారు 30 దేశముల మీదుగా పోవును. తలపై రెండు నల్లని చారలు గల పెద్ద బాతు ఈ మార్గములో హిమాలయములనే దాటును. ఉపగ్రహముతో సంబంధము గల చిన్న పరికరములను వీపున అమర్చి చూడగా ఈ పక్షి 7,000 మీటర్లకు పైగా ఎత్తున ఎగిరినట్లు తెలియవచ్చినది. అట్టి ప్రయాణమునకు బలమునిచ్చునది మన చెరువులోని గడ్డి, మన మళ్ళలో రాలిన గింజ.

వసంతమున జరుగు మార్పులు

ఎండ ముదురుట వలననే పక్షులు వెళ్ళిపోవునని పలువురు తలంతురు. అసలు కారణము పగటి నిడివి. సంక్రాంతి తరువాత పగలు పెరుగుచుండగా పక్షి శరీరములో మార్పులు కలుగును. ఆకలి పెరుగును. చిన్న ఉల్లంకులలో కొన్ని తమ బరువులో దాదాపు సగము వరకు అదనముగా కొవ్వు చేర్చుకొనును. ఈకల రంగు కూడ మారును. చలికాలమున బూడిదరంగుగా ఉన్న నల్లతోక ఉల్లంకి మెడ, రొమ్ము ఇటుకరంగు దాల్చును. పసుపుపిట్ట నిండు పసుపు ఎక్కును. కావున పక్షులను గుర్తించుటకు చలికాలముకన్న మాఘ, ఫాల్గుణ, చైత్రములే అనుకూలమైనవి.

బాతులలో అనేకము మాఘ ఫాల్గుణములలోనే బయలుదేరును. ఉల్లంకులు చైత్రము వరకు ఉండును. గులాబి గోరింకలు చైత్ర వైశాఖములలో కడపటి గుంపులుగా వెళ్ళును. బాతులు, ఉల్లంకులు సాధారణముగా ప్రొద్దుగూకిన తరువాత ప్రయాణమగును. సాయంసమయమున గుంపు అస్తిమితముగా కూయుచు, లేచి దిగుచు, మరల లేచి వరుస కట్టి ఉత్తరముగా పోయినచో ఆ గుంపు ఇక ఆ యేడు తిరిగి రాదని గ్రహింపవలెను.

అదే సమయమున మన పక్షుల గూళ్ళలో పిల్లలు పెరుగుచుండును. గూటినుండి జారిపడిన గూడబాతు పిల్ల కనబడినచో కుక్కలపాలు కానీయక అటవీశాఖవారికి తెలుపవలెను.

చూచుట ఎట్లు?

కొత్తగా చూచువారు పేరుకై తొందరపడరాదు. మొదట నాలుగు ప్రశ్నలకు జవాబు వ్రాసికొనవలెను.

పరిమాణము ఎంత? పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా, కోడంతా, కొంగంతా?

ముక్కు ఎట్లున్నది? పొట్టిదా, పొడుగుదా, వంకరదా, చదునైనదా?

ఎచ్చట మేయుచున్నది? నడినీటిలోనా, లోతులేని అంచునా, బురదలోనా, పొలములోనా?

ఎట్లు మేయుచున్నది? తల ముంచి తోక పైకెత్తుచున్నదా, పూర్తిగా మునుగుచున్నదా, నడచుచు పొడుచుచున్నదా?

ఈ నాలుగు జవాబులు ఉన్నచో పేరు తరువాతనైనను తెలిసికొనవచ్చును. ఇవి లేక పేరు మాత్రము వ్రాసిన పుస్తకము వలన ప్రయోజనము లేదు. సాలిం అలీగారు 1941లో వెలువరించిన భారతదేశపు పక్షుల పుస్తకము తరువాత ఎందరో బొమ్మల పుస్తకములు వ్రాసిరి. ఇప్పుడు చేతిఫోనులో కూడ బొమ్మలు దొరకుచున్నవి. దుర్భిణి ఉన్నచో మంచిది. లేకున్నను సూర్యుని వీపువైపు ఉంచుకొని, తూముగట్టు చాటున కదలక కూర్చున్నచో చాలవరకు కనబడును. అనగా ఉదయము తూర్పు గట్టునుండి, సాయంత్రము పడమటి గట్టునుండి చూడవలెను.

పక్షులు లేచిపోవునంత దగ్గరకు వెళ్ళరాదు. ఒక్కసారి గుంపంతయు లేచినచో అవి తిని చేర్చుకొన్న కొవ్వు కొంత వృథాగా ఖర్చగును. తలలు పైకెత్తి చూచుట మొదలిడినచో అచ్చటనే ఆగవలెను.

లెక్కించుట ఎట్లు?

వేయి పక్షులను ఒక్కొక్కటిగా లెక్కింప పనిలేదు. ముందు పది పక్షులను లెక్కించి, ఆ పది ఎంత చోటు ఆక్రమించినవో కంటితో గుర్తు పెట్టుకొనవలెను. అట్టి పది ముక్కలు చేరిన నూరు. తరువాత నూరు పక్షుల చోటును కొలతగా గ్రహించి గుంపు చివరి వరకు పోవలెను. ఎగురుచున్న గుంపును గూడ ఇట్లే అంచనా వేయవచ్చును. తక్కువ వ్రాసిన తప్పు దిద్దవచ్చును గాని గొప్పకొరకు ఎక్కువ వ్రాసిన లెక్క మరుసటి యేటి లెక్కను కూడ పాడుచేయును.

మన గ్రామములకు మూడు పండుగలను గురుతులుగా పెట్టుకొనుట తేలిక. సంక్రాంతి, శివరాత్రి, ఉగాది రోజులకు దగ్గరగా ఒక్కొక్క ఉదయము చెరువు చుట్టు తిరిగి లెక్కింపవలెను. నోటుపుస్తకములో ఈ వివరములు వ్రాయవలెను: తేది, వేళ, తూమువద్ద నీటి లోతు, పక్షిజాతి, సంఖ్య, అది మేయుచున్న చోటు, చనిపోయిన పక్షులు ఉన్నచో వాటి సంఖ్య. నీటి లోతు వ్రాయుట మరువరాదు. పక్షులు తగ్గినవనిన, నీరు ఎండుటచేత తగ్గినవో, లోతు ఎక్కువై తగ్గినవో, మరి ఏదైన కీడు వలన తగ్గినవో అది చూచియే చెప్పగలము.

1987 నుండి ఏటేట జనవరి మాసపు మధ్యలో ఆసియాలోని పలు దేశములలో నీటిపక్షుల గణన జరుగుచున్నది. సంక్రాంతి లెక్క దానితో సరిపోవును. పాఠశాల పిల్లలను, నీరటికాండ్రను, చేపలు పట్టువారిని ఇందు చేర్చుకొనవలెను. ఏ మూల ఏ పక్షి పడుకొనునో చేపలు పట్టువారికి తెలిసినంతగా మరెవరికిని తెలియదు.

చెరువు లోతులో ఉన్న కిటుకు

చిన్న ఉల్లంకులకు రెండు మూడు అంగుళముల నీరు మాత్రమే పనికివచ్చును. తల ముంచి మేయు బాతులకు ఒక అడుగు లోపు నీరు కావలెను. అంతకు మించిన లోతు వాటికి విశ్రాంతికి పనికివచ్చునే గాని తిండికి పనికిరాదు. అందుచేత చెరువు ఎంత పెద్దది అనుటకన్న, దానికి లోతులేని అంచు ఎంత ఉన్నది అనుట ముఖ్యము.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరు మనకు ఈ పాఠము నేర్పినది. ఆ సరస్సు సహజముగా లోతులేని మంచినీటి మడుగు. చేపల చెరువులకై అందు ఎత్తైన గట్లు వేయగా అంచులు నశించి లోతు మడుగులు ఏర్పడెను. ప్రభుత్వము 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో అది అంతర్జాతీయ ప్రాధాన్యము గల చిత్తడినేలల జాబితాలో చేరెను. 2006లో అభయారణ్యములోని చేపల చెరువుల గట్లను పెద్దయెత్తున తొలగించిరి. ఆ పనివలన బ్రతుకుతెరువు కోల్పోయిన కుటుంబముల కష్టము చిన్నది కాదు. ముందే అంచులను కాపాడుకొన్న ఊరికి తరువాత గట్లు తెగగొట్టవలసిన బాధ ఉండదు.

పూడిక తీయునపుడు కూడ ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. తెలంగాణములో 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ వంటి పథకముల క్రింద తీసిన పూడికమట్టి పొలములకు బలము. కాని నాలుగు వైపుల నిట్టనిలువుగా త్రవ్వినచో చెరువు బావివలె మారును. పశువులు దిగుటకు కూడ కష్టము. ఒక వైపు, ముఖ్యముగా నీరు వచ్చు వాగువైపు, నేల వాలుగా విడిచిపెట్టవలెను.

పొలమునకు మేలెంత, కీడెంత?

"పక్షులను కాపాడుమందురు, నా నారుమడి ఎవరు కాపాడుదురండీ?" అని రైతు అడుగును. ఈ ప్రశ్న న్యాయమైనది.

బాతులు కొత్తగా చల్లిన మొలకవిత్తనమును తినును. గడ్డి మేయు పెద్దబాతులు లేత శనగను కొరుకును. నీటికాకులు, గూడబాతులు చేపలను తినును. జొన్న పాలుపట్టు సమయమున గులాబి గోరింకలు కంకులను ఖాళీ చేయును. ఇవి దాచవలసిన సంగతులు కావు.

రెండవ వైపు చూడుడు. దున్నునపుడు నాగలి వెంట నడచు తెల్లకొంగలు మిడతలను, పురుగులను ఏరును. నత్తగుల్ల కొంగ నత్తలను తినును. వలస బాతులు కోసిన మళ్ళలో రాలిన గింజను, కలుపు విత్తనమును తినును. మన జొన్నను తిన్న ఆ గులాబి గోరింకయే వేసవిలో మధ్య ఆసియాకు పోయి మిడతలతో పిల్లలను పోషించును. చైనా దేశపు షింజియాంగ్ ప్రాంతమువారు మిడతలను అరికట్టుటకై ఈ పక్షులకు రాళ్ళతో గూళ్ళు కట్టి ఇచ్చుచున్నారు. ఒక చోట శత్రువు అనుకొన్నది మరియొక చోట కూలి అడుగని పాలేరు.

తమిళనాడులోని వేదాంతంగళ్ గ్రామస్థులు ఈ లెక్కను రెండు శతాబ్దములకు పూర్వమే సరిచూచుకొనిరి. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పైరుకు ఎరువని గ్రహించి, తుపాకులతో వచ్చినవారిని అడ్డగించి, 18వ శతాబ్దపు చివర కలెక్టరు వద్ద తమ చెరువు పక్షుల రక్షణకు ఉత్తరువు పొందిరి. మన నేలపట్టులో కూడ నీటిలో నిలిచిన చెట్లపై గూడబాతులు గూళ్ళు కట్టుచున్నవి. అది 1976 నుండి అభయారణ్యము.

కావున చంపుటకు బదులు తప్పించుటయే తెలివి. నారుమళ్ళను ఊరివారందరు ఒకే చోట, ఒకే వారములో పోసినచో కాపలా సులభము. విత్తిన మొదటి పది పండ్రెండు రోజులు తెల్లవారుజామున, సాయంకాలము మనిషి ఉండవలెను. మెరుపు రిబ్బనులు కట్టినచో రెండు మూడు రోజులకొకసారి చోటు మార్చవలెను. లేనిచో పక్షులు అలవాటు పడును. చేపల తొట్లపై వల కట్టునపుడు బిగువుగా, కంటికి కనబడునట్లు కట్టవలెను. వదులువలలో చిక్కిన పక్షి చచ్చును, వల చిరుగును, లాభము ఎవరికిని ఉండదు.

విషము, రోగము: జాగ్రత్తలు

ఎలుకలకు పెట్టు విషపు ఎరను బొరియలలో ఉంచి మూసివేయవలెను. గట్లమీద చల్లరాదు. చచ్చిన ఎలుకలను లోతుగా పూడ్చవలెను. వాటిని తిన్న గుడ్లగూబ, గద్ద చచ్చినచో వచ్చే పంటకు ఎలుకలు రెట్టింపగును. గుళికల మందును, మందు పట్టించిన విత్తనమును నేలపై మిగులనీయరాదు. పిచికారీ యంత్రములను చెరువులో కడుగరాదు.

వేసవికి నీరు తగ్గి వేడెక్కినపుడు రోగములు ప్రబలవచ్చును. 2019 నవంబరులో రాజస్థానములోని సాంభర్ సరస్సున బొట్యులిజము అను విషవ్యాధి వలన సుమారు 18,000 పక్షులు చనిపోయినవి. చచ్చిన పక్షులలో పుట్టు పురుగులను తిన్న పక్షులకు ఆ విషము మరల సోకును. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోను, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోను కోళ్ళకు పక్షిజ్వరము తగిలి రైతులు నష్టపోయిరి. కావున చెరువులో రెండు మూడు పక్షులు ఒకేసారి చచ్చి కనబడినచో వట్టిచేతులతో తాకరాదు, వండుకొనరాదు, కుక్కలకు వేయరాదు. వెంటనే పశువైద్యునికి తెలుపవలెను. ఆ రోజులలో పెరటికోళ్ళను, పెంపుడు బాతులను చెరువునకు విడువరాదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఈ పక్షులను వేటాడుట, వలవేసి పట్టుట, గ్రుడ్లు తీయుట నేరము. కాలికి ఉంగరము గల పక్షి దొరికినచో దానిపై అక్షరములు, అంకెలు వ్రాసికొని అటవీశాఖవారికి తెలుపవలెను. అది ఏ దేశమున ఎప్పుడు తొడిగిన ఉంగరమో వారు తెలిసికొందురు.

గ్రామసభలో చేయదగిన తీర్మానములు

గ్రామాధికారులు, పంచాయతీవారు, మత్స్య సహకార సంఘమువారు శివరాత్రికి ముందే కూర్చుండి ఈ అయిదు సంగతులు నిర్ణయించుకొనవచ్చును.

1. చేపల పట్టుబడికై నీటిని ఒక్కసారి వదలక, దశలవారీగా తగ్గించుట. దీనివలన ప్రతి వారము కొత్త అంచు బయటపడి పక్షులకు మేత దొరకును. పశువులకు గూడ నీరు నిలుచును.

2. వీలైనచో చెరువు లోతట్టులో కొంత నీరు చైత్రము ముగియువరకు నిలుపుట.

3. జమ్మును, తుంగను ఒకేసారి తగులబెట్టక, సగము ఈ యేడు, సగము వచ్చే యేడు కోయుట. గుర్రపుడెక్కను మాత్రము మిగల్చక తీసివేయుట.

4. గూళ్ళున్న చెట్లను, పిల్లలు ఎగిరిపోవువరకు నరకకుండుట.

5. మూడు పండుగల లెక్కను వ్రాయు బాధ్యత ఒకరికి అప్పగించి, ఆ పుస్తకమును పంచాయతీ కార్యాలయములో ఉంచుట.

ఒక్క సంవత్సరపు లెక్క పెద్దగా ఏమియు చెప్పదు. మూడు సంవత్సరములు వరుసగా వ్రాసిన పుస్తకము చెరువు జాతకమువంటిది. ఏ సంవత్సరము పూడిక తీసితిమి, ఏ సంవత్సరము మందు కలిసినది, ఏ సంవత్సరము నీరు ముందే ఎండినది అన్నియు అందు కనబడును. నష్టపరిహారము కోరుటకైనను, పథకము అడుగుటకైనను చేతిలో ఉన్న లెక్కకు ఉన్న విలువ నోటిమాటకు ఉండదు.

ఈ ఉగాదికి ముందు ఒక సాయంకాలము పని ముగించుకొని పడమటి గట్టుమీద కొంతసేపు కూర్చుండుడు. పక్షుల గుంపు లేచి, వరుస కట్టి, ఉత్తరముగా సాగినచో తేది వ్రాసికొనుడు. అవి తిరిగి కార్తీకములో వచ్చునప్పటికి చెరువులో నీరు, అంచున మేత ఉండునట్లు చూచుకొనుట మన పని.